సైనికుని చీలమండ

మనుష్యుని శరీరమునందు చీలమండ చేయునంత సేవ చేసి, చీలమండ పొందునంత అనాదరమును పొందు అవయవము మరియొకటి లేదు. కంటిలో కొంచెము నలక పడినచో ఇంటివారందరును చుట్టుముట్టుదురు. పంటికి నొప్పి వచ్చినచో ఆ రాత్రి ఇల్లంతయు మేలుకొనియుండును. కాలు బెణికినదన్నచో మాత్రము "అంతే కదా!" యని ఊరకుందురు. బెణికినవాడును సిగ్గుపడి నలుగురి యెదుట కుంటకుండ నడువ యత్నించును. కాలు జారిన తీసికొనవచ్చును గాని నోరు జారిన తీసికొనలేమని మన పెద్దలు సామెత చెప్పిరి. నోటిని గూర్చి వారు చెప్పిన మాట నిజమే. కాలిని గూర్చి చెప్పిన మాట మాత్రము సైనికుల నడిగి చెప్పినట్లు తోచదు.

సైన్యమనిన తోడనే బాలుర మనస్సునకు తుపాకులును, ఫిరంగులును, ఆకాశమున దూసికొనిపోవు విమానములును స్ఫురించును. అవి యన్నియు ఉన్నవి. అయినను పదాతి సైనికుడు నేటికిని మొదట నడచువాడు, పిమ్మట పోరాడువాడు. ఇరువది కిలోలకు మించిన బరువును వీపున మోసికొని చీకటిలోను, రాళ్లమీదను, బురదలోను, ఏటవాలు నేలమీదను అతడు నడువవలసియుండును. 1999వ సంవత్సరమున కార్గిల్ ప్రాంతమునందు మన సైనికులు శత్రువుల కాల్పుల నడుమ రాత్రివేళ నిటారైన కొండల నెక్కవలసివచ్చెను. అట్టి చోట ఒకని కాలు మడతపడినచో నష్టము అతనితో నిలువదు. నడువలేనివానిని మోయుటకు కనీసము ఇద్దరు, దూరమెక్కువైనచో నలుగురు కావలెను. ఒక్క చీలమండ బెణికినందున ఐదుగురు పోరాటమునుండి తొలగుదురు. ప్రాణాపాయము లేదు గనుక అది పత్రికలకెక్కదు. చరిత్రకారులు యుద్ధములను వ్రాసిరి. గెలిచినవారిని, ఓడినవారిని వ్రాసిరి. బెణికిన కాళ్లను వ్రాసినవారు అరుదు.

ఆ పనిని సైనిక వైద్యులు చేసిరి. అమెరికా సైన్యమునందు 1998 మొదలు 2006 వరకు నమోదైన గాయములను పరిశీలింపగా, వేయిమంది సైనికులలో ఏటేట సుమారు 35 చీలమండ బెణుకులు తేలినవి. ఆ దేశమునందే కాబోవు సైనికాధికారులకు విద్య గరపు వెస్ట్ పాయింటు విద్యాలయమున 2005 నుండి 2007 వరకు చూచిన లెక్క అంతకంటె పెద్దది. అది వేయింటికి 58. ఇజ్రాయేలు దేశపు పదాతిదళమున క్రొత్తగా చేరిన 390 మందిని ప్రాథమిక శిక్షణకాలమున గమనింపగా నూటికి 18 మందికి చీలమండ వెలుపలి వైపున బెణికినది. ఆ పరిశీలన 1991లో ప్రచురింపబడినది. వీరిలో ఒక్కడును శత్రువును చూడలేదు. ఇంకను కవాతు నేర్చుకొనుచున్నవారే.

ఇది దూరదేశముల ముచ్చటయని తలంపరాదు. శ్రీ సత్యసాయి జిల్లాలో పుట్టపర్తికి సమీపమున బుక్కపట్నమను ఊరు కలదు. విజయనగర స్థాపకులలో ఒకడైన బుక్కరాయల పేరు ఆ ఊరి పేరున నిలిచియున్నది. చిత్రావతి నీటితో నిండు అచ్చటి పెద్ద చెరువు ఆ ప్రాంతమునకంతకును పేరెన్నికగన్నది. కొంతదూరమున పెనుకొండ యున్నది. 1565వ సంవత్సరమున రక్కసి తంగడి యుద్ధమున విజయనగరము కూలిన పిమ్మట రాజధాని అచ్చటికే తరలివచ్చినది. ఆ దుర్గపు గుండ్లమీద ఎన్ని తరముల భటులు బరువులతో ఎక్కి దిగిరో, వారిలో ఎందరి కాళ్లు మడతపడినవో చెప్పు శాసనము లేదు. నేల మాత్రము నాటి నేలయే. ఎర్రమన్ను, అందులో సగముపూడిన గులకరాళ్లు, వానకు కోసికొనిపోయిన గండ్లు, బండ్ల చక్రములు త్రవ్విన గాడులు. చూచి నడచువానికి ఇది కష్టము కాదు. చూడక పరుగెత్తువానికి మాత్రము ప్రతి పది అడుగులకు ఒక పరీక్ష.

ఈ ప్రాంతము వర్షముపై ఆధారపడి వేరుసెనగ పండించు ప్రాంతము. వాన రాని యేడు పంట లేదు. అందుచేత ఇంట నొక కుర్రవాడు సైన్యమున చేరుట యనిన, దేశసేవయే కాక, ఇంటిల్లిపాదికిని ఒక ఆధారము. ఇట్టి ఊళ్లలో తెల్లవారకమునుపే చెరువుకట్టలమీదను, రహదారుల అంచులను పరుగు సాధించు యువకులు కనబడుదురు. అగ్నిపథమను పథకము 2022వ సంవత్సరమున మొదలైనపుడు, అగ్నివీరులుగా చేరువారికి పదునేడున్నర యేండ్లు మొదలు ఇరువదియొక యేండ్ల వరకు వయస్సు ఉండవలెనని నిర్ణయించి, ఆ ఒక్క యేటికి మాత్రము ఇరువదిమూడేండ్ల వరకు సడలించిరి. నియామకమునకు వచ్చినవారు 1.6 కిలోమీటర్ల దూరమును పరుగెత్తవలెను. అయిదున్నర నిమిషములలో ముగించినవారికి పూర్తి మార్కులు. తొమ్మిదడుగుల గొయ్యిని దుమికి దాటవలెను. మెలికలు తిరిగిన సన్నని దిమ్మమీద తూలకుండ నడువవలెను. ఈ మూడింటిలో ఏది చూచినను చీలమండ పరీక్షయే. వయస్సు గడువు స్వల్పము. అందులో ఆరు నెలలు కాలు బాగులేక పోయినచో ఆ అవకాశము మరల వచ్చునో రాదో చెప్పలేము.

ఇపుడు ఆ కీలు ఎట్లున్నదో కొంచెము చూడవలెను. పిక్కయెముకలు రెండును క్రిందికి దిగి, పాదపు టెముకల మీదికి వచ్చునప్పటికి పట్టుకారు రెండు కొనలవలె ఇరువైపుల పొడుచుకొనివచ్చును. చీలమండకు లోపలను, వెలుపలను చేతికి తగులు గుబ్బలు అవియే. ఆ రెండు గుబ్బల నడుమ పాదపుటెముక ఒకటి ఇమిడియుండును. వెలుపలి గుబ్బ లోపలి గుబ్బకంటె క్రిందికి దిగియుండును. కావున పాదము వెలుపలికి ఒరగునపుడు దానికి అడ్డుతగులును. లోపలికి ఒరగునపుడు అంతటి అడ్డు లేదు. ఇది యొక కారణము. ఎముకను ఎముకతో కట్టియుంచు త్రాళ్లవంటి వానిని సంధిబంధనములందురు. లోపలివైపున నున్నది వెడల్పైన గట్టి పట్టెవంటిది. వెలుపలివైపున నున్నవి మూడు విడివిడి పోగులు. వానిలో ముందువైపునది అన్నిటికంటె బలహీనము. కాలు బెణికినపుడు సాధారణముగా మొట్టమొదట సాగునదియు, తెగునదియు అదియే. కావుననే వెలుపలి గుబ్బకు ముందుభాగమున వాపు మొదలగును. విద్యార్థులు తమ చీలమండలను తామే తడవి చూచుకొనినచో ఈ గుబ్బల యెచ్చుతగ్గులు తెలియగలవు.

మరియొక విశేషము. ఇమిడియున్న ఆ యెముక ముందువైపున వెడల్పు, వెనుకవైపున ఇరుకు. పాదమును ముంగాలివైపునకు పైకి వంచినపుడు వెడల్పైన భాగము గుబ్బల నడుమకు వచ్చి, తలుపు గడియ పడినట్లు కీలు బిగిసికొనును. వ్రేళ్లు క్రిందికి వాలినపుడు ఇరుకు భాగము వచ్చి కీలు వదులగును. దుమికినవాడు నేలకు దిగునపుడు అతని వ్రేళ్లు క్రిందికి చూచుచుండును. అనగా కీలు మిక్కిలి వదులుగా నున్న క్షణముననే దేహభారమంతయు దానిమీద పడును. ఆ క్షణమున పాదము క్రింద గులకరాయి యొకటి ఉన్నచో వేరు చెప్పనక్కరలేదు. తొమ్మిదడుగుల గొయ్యిలోని అపాయము ఆ గొయ్యి వెడల్పునందు కాదు, దాని ఆవలి గట్టునందున్నది. మెట్లు దిగుచు చివరి మెట్టును గమనింపనివానికిని జరుగునది ఇదియే.

ఏ సైనికునికి ఎక్కువగా బెణుకును, ఏ సైనికునికి తక్కువగా బెణుకును అను ప్రశ్నకు వైద్యులు పలుదేశములలో సమాధానములు వెదకిరి. అన్ని సమాధానములును ఒకేవిధముగా లేవు. కొన్నిటియందు పరస్పర విరోధము కూడ కలదు. కాని పెక్కు పరిశీలనలలో తిరిగితిరిగి వచ్చు సమాధానమొకటి కలదు. మునుపు బెణికిన కాలే మరల బెణుకును.

దీనిని కొంత నిదానముగా చెప్పవలెను. ఏలయన గ్రామములలోని యువకుల ఆశలను తరచుగా చెడగొట్టునది ఇదియే. బుక్కపట్నమువంటి ఊరిలో ఒక యువకుని ఊహింపుడు. నియామకమునకు ఇంక రెండు నెలలు. ఒకనాటి వేకువను కట్టమీద పరుగెత్తుచుండగా కాలు మడతపడినది. తల్లి చింతపండును ఉప్పును ఉడికించి వేడివేడిగా పట్టు వేసినది. మూడవనాటికి వాపు తగ్గినది. నాలుగవనాడు అతడు మరల కట్టమీద ఉన్నాడు. ఆ దారిని పోవు ఊరి మాజీ సైనికుడు చూచి నిలిచి, "ఏమప్పా, కుంటుతా ఉండావే?" అని అడిగినాడు. "ఏమీ లేదు మామా, రవంత మడత బడె. ఇప్పుడు బాగుండాది," అని కుర్రవాని జవాబు. బాగున్నదని అతడనుకొనుట అబద్ధము కాదు. నొప్పి నిజముగనే తగ్గినది. కాని నొప్పి తగ్గుట వేరు, కాలు నయమగుట వేరు. ఈ రెంటిని ఒకటిగా ఎంచుటయే చిక్కు.

సంధిబంధనము వట్టి త్రాడు కాదు. అందు సన్నని నాడీకొనలు కలవు. పాదము ఏ వైపునకు ఎంత ఒరిగినదో అవి క్షణక్షణము మెదడునకు తెలుపుచుండును. పాదము ఒరగనారంభించిన తోడనే పిక్క వెలుపలివైపు కండరములు దానిని వెనుకకు లాగి నిలబెట్టును. మనకు తెలియకయే దినమునకు వందలసార్లు ఇది జరుగుచుండును. బంధనము చినిగినపుడు త్రాడుతో పాటు ఈ వార్తావహులును దెబ్బతినును. వాపు తగ్గిన పిమ్మటను వార్త ఆలస్యముగనే చేరుచుండును. కండరము లాగవలసిన వేళకు లాగదు. పాదము మరల ఒరిగిపోవును. రెండవ బెణుకు మొదటిదానికంటె సులభముగా వచ్చును. మూడవది రెండవదానికంటె సులభము. కొంతకాలమునకు "నా కాలు తరచుగా మడతపడును" అని చెప్పుకొనుట అతనికి అలవాటగును. పుట్టుకతో వచ్చిన లక్షణమువలె దానిని చెప్పుకొందురు గాని అది పుట్టుకతో వచ్చినది కాదు. నాలుగవనాటి పరుగుతో వచ్చినది.

ఇజ్రాయేలు వైద్యులు తమ 390 మందిలో కనుగొనిన రెండు ముఖ్యాంశములలో ఇది యొకటి. రెండవది శరీరపు ఎత్తునకును బరువునకును సంబంధించినది. ఎత్తును బరువును రెండును ఎక్కువగా గలవారికి బెణుకులు ఎక్కువగా వచ్చినవి. దీనికి గణితశాస్త్ర పరమైన కారణమును వారు చెప్పిరి గాని రైతు బిడ్డకు అది వేరువిధముగా తెలియును. బండిమీద గడ్డిమోపు ఎత్తెక్కిన కొలది చక్రము చిన్న గుంటలో దిగినను బండి ఎక్కువగా వాలును. వాలనారంభించిన దానిని నిలుపుటయు కష్టము. చీలమండ ఆ బండి ఇరుసువంటిది. పైభాగము ఎంత ఎత్తో, ఎంత బరువో, ఒరిగినపుడు ఇరుసుమీద అంత శ్రమ. ఇందులో పొడగరి తప్పేమియు లేదు. ఎత్తును ఎవరును మార్చుకొనలేరు. వీపున మూట నెత్తుకొనినపుడు మాత్రము పొట్టివాడును కొంత పొడగరియే యగునని గమనింపవలెను. మూటను ఎత్తున వ్రేలాడదీయక నడుమునకు దగ్గరగా బిగించి కట్టుకొనుట ఇందుకే.

బిగిసిన చీలమండ గూర్చియు ఒక మాట. ఆస్ట్రేలియా సైన్యమున చేరిన 1093 మంది పురుషులను పరిశీలించి 1998లో ఫలితములను ప్రకటించిరి. పాదమును పైకి వంచగల శక్తి తక్కువగానున్నవారికి గాయములు ఎక్కువగా కలిగినవి. అట్లయినచో వ్యాయామమునకు ముందు పిక్కలను సాగదీసినంత మాత్రమున గాయములు తగ్గవలెను గదా! ఆశ్చర్యమేమనగా, ఆ పరిశీలనయందు అట్లు సాగదీసినవారికి చెప్పుకొనదగిన మేలు కనబడలేదు. క్రీడాస్థలములలో పరుగునకు ముందు రెండు నిమిషములు కాళ్లు సాగదీసి, ఇక భయము లేదనుకొను ఆచారము మన పాఠశాలలలో చాల కాలముగా ఉన్నది. చేయుటలో కీడు లేదు. దానినే కవచముగా నమ్ముట సరికాదు.

అలసట మరియొకటి. శిక్షణశిబిరమునకు వచ్చుటకు మునుపు శరీరశ్రమ తక్కువగా నున్నవారును, ధూమపానము చేయువారును శిక్షణకాలమున కాళ్ల గాయములకు ఎక్కువగా లోనగుదురని అమెరికా పదాతి శిబిరములలో తేలినది. ఇందు చీలమండయే కాక మోకాలు, పిక్క, పాదము అన్నియు చేరియున్నవి. పరుగు దూరము మిక్కిలి ఎక్కువైనను గాయములు పెరిగినవి. అనగా ఏమియు చేయనివాడును అపాయములో పడెను. ఒక్కసారిగా అంతయు చేయబోయినవాడును అపాయములో పడెను. ప్రకటన వెలువడిన మరునాటినుండి దినమునకు పది కిలోమీటర్లు పరుగెత్త నారంభించు యువకులు ఈ రెండవ జాతివారు. నెలల తరబడి కొంచెము కొంచెముగా పెంచుకొనుచు పోయినవాని కాలు వేరు. పరుగు చివరను, దినము చివరను, కొండ దిగునపుడును బెణుకుల భయము ఎక్కువ. అలసిన కండరము ఆలస్యముగా లాగును గనుక. ఎక్కునపుడు ఊపిరి పరీక్ష, దిగునపుడు చీలమండ పరీక్ష.

బూట్ల విషయమున జనులకు నమ్మకము మెండు. చీలమండను కప్పు ఎత్తైన బూటు తొడిగినచో కాలు బెణుకదని దుకాణదారులే కాదు, సైనికులును చెప్పుదురు. ఇజ్రాయేలు పరిశీలనలో కొందరికి సైనికుల బూట్లను, కొందరికి బాస్కెట్‌బాల్ ఆటగాండ్ర బూట్లవంటి వానిని ఇచ్చి చూచిరి. బెణుకుల లెక్కలో గణింపదగిన భేదము కనబడలేదు. కావున ఊరిలో ఒకడు వేల రూపాయల బూట్లు కొనినాడని, తనకు అవి లేవని వగచు కుర్రవాడు ఈ సంగతి తెలిసికొని కొంత ఊరట చెందవచ్చును. అయితే వెలుపలి అంచున అరిగి ఒరిగిపోయిన అట్ట గల బూటు మాత్రము మంచిది కాదు; అది ప్రతి అడుగునను పాదమును లోపలికే త్రోయును. త్రాళ్లు వదులుగా కట్టిన బూటులో పాదము జరుగుచుండును. ఇవి రెండును ధనముతో పనిలేని జాగ్రత్తలు.

బూటు చేయలేని పనిని కట్టు కొంత చేయగలదు. విమానమునుండి గొడుగు కట్టుకొని దుముకు సైనికుల చీలమండలు పడు పాట్లు చెప్పనలవి కాదు. అమెరికాలో ఫోర్ట్ బెన్నింగ్ అను చోట దుముకుట నేర్చుకొను 745 మందిని రెండు భాగములుగా చేసి, ఒక భాగమువారికి బూటు వెలుపల తొడుగు గట్టి చీలమండ పట్టీ నిచ్చిరి. 1998లో ప్రకటించిన ఫలితమిది: పాదము లోపలికి ఒరిగి కలుగు బెణుకులు పట్టీ లేనివారిలో నూటికి 1.9, పట్టీ యున్నవారిలో నూటికి 0.3. మునుపు బెణికినవారు ఆటలాడునపుడు ఇట్టి పట్టీ ధరించుటవలన మేలు కలదని క్రీడావైద్యులును చెప్పుచున్నారు. ఆరోగ్యముగానున్న కాలికి జీవితాంతము కట్టు కట్టుకొని తిరుగుమని దీని అర్థము కాదు.

వెస్ట్ పాయింటు లెక్కలలో మరి రెండు సంగతులు గమనింపదగినవి. అచ్చట రెండేండ్లలో 614 మందికి క్రొత్తగా బెణుకులు కలిగినవి. వానిలో నూటికి 64 ఆటలలో వచ్చినవి. కవాతులోనో, కొండ యెక్కుటలోనో వచ్చునని తలంచిన గాయము సాయంకాలపు ఆటస్థలమున కాచుకొనియున్నది. దుముకుటలు, చటుక్కున మలుపులు తిరుగుటలు, ఎదుటివాని పాదముమీద కాలు మోపుటలు గల ఆటలలో ఇది సహజము. మన కబడ్డీకిని ఇది వర్తించును. రెండవ సంగతి యేమనగా, ఆ విద్యాలయమున స్త్రీలకు బెణుకులు వేయింటికి 96, పురుషులకు 53. ఈ సంఖ్యలను పట్టుకొని స్త్రీలు సైన్యమునకు తగరని వాదించువారు లేకపోలేదు. ఆ వాదము నిలువదు. పొడగరులకు బెణుకులెక్కువయని తెలిసినపుడు పొడగరులను సైన్యమునుండి పంపివేయవలెనని ఎవరును అనలేదు. ఎవరికి ఏ అపాయమెక్కువో తెలిసినచో వారికి ఏ శిక్షణము ముందుగా ఈయవలెనో తెలియును. లెక్కల ప్రయోజనమంతయు అదియే. మన దేశమున సైనిక పోలీసు దళమునకు చెందిన తొలి మహిళా బృందము, 83 మంది, 2021వ సంవత్సరము మే నెలలో బెంగళూరున శిక్షణము ముగించుకొని దళమున చేరినది.

ఇక బెణికినపుడు ఏమి చేయవలెను? మన ఇండ్లలో నూనె రాచి గట్టిగా మర్దించుట, వేడి పట్టు వేయుట ఆచారము. తల్లుల ప్రేమకు తక్కువ చేయుట కాదు గాని, మొదటి ఒకటి రెండు దినములు వేడియు మర్దనయు వాపును పెంచును. ఆ సమయమున చల్లని నీటిలో తడిపిన గుడ్డ వేయుట, మెత్తని పట్టీ మరీ బిగువుగా కాకుండ చుట్టుట, పరుండి కాలిని దిండుమీద ఎత్తుగా నుంచుట మేలు. పిమ్మట నెలల తరబడి కాలు కదల్పక కూర్చుండుటయు మంచిది కాదు. నొప్పి ఓర్వగలిగినంతలో మెల్లగా కదలించుట, ఊతతో అడుగులు వేయుట ఆరంభింపవలెను.

ఎముక విరిగినదో, బెణికినదో తెలిసికొనుట అన్నిటికంటె ముఖ్యము. కెనడా దేశపు అట్టావా నగర వైద్యులు 1992లో దీనికి సులభమైన గుర్తులు కొన్ని చెప్పిరి. వానిని నేడు లోకమంతటను పాటించుచున్నారు. గుబ్బల వెనుక అంచుననో, కొననో వ్రేలితో నొక్కినపుడు ఎముకమీదనే నొప్పి కలిగినను, గాయపడినవాడు నాలుగడుగులు వేయలేకపోయినను, ఎక్స్‌రే తీయింపక తప్పదు. నాలుగడుగులు వేయగలిగి, ఎముకమీద నొప్పి లేనిచో చీలమండ ఎముక విరిగియుండుట మిక్కిలి అరుదు. మన రాయలసీమవారికి ఎముక విరిగినదనిన పుత్తూరు గుర్తునకు వచ్చును. పుత్తూరు కట్టునకు ఆంధ్రదేశమునందే కాక పొరుగు రాష్ట్రములందును పేరు కలదు. ఏ కట్టు కట్టించుకొనినను ముందుగా ఎక్స్‌రే తీయించి, విరిగినదేమో చూచుకొని పోవుట వివేకము. చీలమండలోని చిన్న చీలిక బెణుకువలెనే కనబడును. బెణుకుగా ఎంచి పరుగెత్తినచో కీలు వంకర తిరిగి అతుకుకొనును.

మొదటి వారములు గడచిన పిమ్మట చేయవలసిన పనికి బూటులును అక్కరలేదు, మైదానమును అక్కరలేదు. దెబ్బతిన్న వార్తావహులకు మరల పని నేర్పవలెను. గోడకు చేయి అందునంత దూరమున నిలిచి, బెణికిన కాలిమీద ఒంటికాలితో నిలువవలెను. మొదట పది అంకెలు లెక్కించునంత సేపు, పిమ్మట ముప్పది. అది సులభమైనపుడు కన్నులు మూసికొని నిలువవలెను. చూచుటకు ఇది పిల్లల ఆటవలె నుండును. ప్రయత్నించినవారికి మాత్రము, కన్నులు మూసిన తోడనే పాదము క్రింద నేల పడవవలె ఊగుటయు, చీలమండ చుట్టునున్న నరములన్నియు అదరుటయు తెలియును. ఆ అదురుటయే అభ్యాసము. దుప్పటిని మడిచి దానిపై నిలిచినచో మరికొంత కష్టము. పలక క్రింద గుండ్రని దిమ్మ నుంచి దానిపై నిలుచుట మరియు కష్టము. శిక్షణకేంద్రములలోను, క్రీడాలయములలోను వాడు సాధనము అదియే. ఇట్టి అభ్యాసమును వారముల తరబడి చేసినవారికి, ముఖ్యముగా మునుపు బెణికినవారికి, మరల బెణుకుట తగ్గినదని పలు పరిశీలనలు తెలుపుచున్నవి.

పరుగునకు ఎప్పుడు తిరిగిపోవచ్చునో తెలిసికొనుటకు కాలెండరు చాలదు. బెణికిన కాలిమీద ఒంటికాలితో రెండవ కాలిమీద నిలిచినంత సేపు నిలువగలుగుట, ఒంటికాలితో పదిసార్లు ఎగిరి నొప్పి లేకుండ దిగుట, చిన్న చిన్న మలుపులతో మెల్లగా పరుగెత్తుట, ఇవి వరుసగా వచ్చిన పిమ్మటనే కట్టమీది పరుగు. కొందరికి మూడు వారములు పట్టును, కొందరికి మూడు నెలలు పట్టును. ఆ ఊహించుకొనిన కుర్రవానికి రెండు నెలల గడువున్నది. అందులో మొదటి మూడు వారములను వసారాలో ఒంటికాలిమీద నిలిచి గడుపుటకు అతడు ఒప్పుకొనినచో, మిగిలిన అయిదు వారములలో గొయ్యి దుముకుట సాధించుకొనవచ్చును. ఆవలి గట్టుమీద రెండు పాదములను ఒక్కసారిగా మోపి, మోకాళ్లు వంచి దిగుట మొదట మెత్తని యిసుకలో నేర్చుకొనవచ్చును. చిత్రావతిలో యిసుకకు కొదువ లేదు.